గ్రేట్ నికోబార్ అడవికి ఆరావళిలో పరిహారం: ఆ దీవిలో ఏముంది, ఇక్కడ ఏం మొలుస్తుంది?

దక్షిణ ఢిల్లీ మునిర్కాలో అద్దెకుండే మాలాంటి వాళ్లకు పొద్దున నడక అంటే జేఎన్‌యూ వైపో, సంజయ్ వన్ వైపో. రాతి గుట్టలు, ముళ్లచెట్లు, నెమళ్లు, అదృష్టం బాగుంటే ఒక నీల్‌గాయ్. గుజరాత్‌లో మొదలై రాజస్థాన్, హరియాణాల మీదుగా వచ్చే ఆరావళి కొండలు ఢిల్లీలో ఇలా చిన్న చిన్న గుట్టలుగా మారి ఆగిపోతాయి. ఇక్కడ ఎక్కువగా కనిపించే చెట్టును స్థానికులు విలాయతీ కీకర్ అంటారు. మన ఊళ్లలో చెరువు గట్ల మీద మొలిచే సర్కారు తుమ్మ ఇదే.

ఈ గుట్టలకూ, ఇక్కడికి సుమారు మూడు వేల కిలోమీటర్ల దూరంలో సుమత్రా పక్కనున్న గ్రేట్ నికోబార్ దీవికీ ప్రభుత్వ కాగితాల మీద ఒక చుట్టరికం కలిసింది. ఆ దీవిలో పోర్టు, విమానాశ్రయం, టౌన్‌షిప్ కోసం 130.75 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించడానికి 2022లో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇచ్చింది. ఆ శాఖ కార్యాలయం మునిర్కాకు ఆరేడు కిలోమీటర్ల దూరంలో, జోర్‌బాగ్‌లో ఉంది. పోయే అడవికి బదులుగా చేపట్టే వనీకరణకు హరియాణాను ఎంచుకున్నారు. అంటే భూమధ్యరేఖకు దగ్గర్లోని వానల అడవికి పరిహారం ఢిల్లీ చుట్టుపక్కల ఆరావళి జిల్లాల్లో మొలవాలి.

హెక్టార్ల లెక్క చూస్తే నష్టమేమీ లేనట్టే ఉంటుంది. ఆ దీవి ఎలా ఏర్పడింది, అక్కడి జీవాలు ఎక్కడి నుంచి వచ్చాయి అని చూస్తే మాత్రం లెక్క కుదరదు.

దేశం చిట్టచివర

అండమాన్ నికోబార్ దీవులు మనకు కొత్త కాదు. విశాఖ నుంచి శ్రీ విజయపురానికి, అంటే నిన్నమొన్నటి పోర్ట్ బ్లెయిర్‌కు, ఓడలు నడుస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో దాదాపు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్రలో చాలా కుటుంబాలకు అక్కడ ఎవరో ఒకరు బంధువులు ఉంటారు. కానీ వాళ్లలో ఎక్కువమంది ఉండేది అండమాన్‌లో. నికోబార్ వేరే లోకం.

రెండింటి మధ్య దాదాపు 150 కిలోమీటర్ల వెడల్పున టెన్ డిగ్రీ చానెల్ ఉంది. ఈ నీటి పాయ జీవజాతులకు కూడా సరిహద్దే. అండమాన్ అడవులకు మయన్మార్ అడవులతో పోలిక ఎక్కువ. నికోబార్‌ది సుమత్రా, మలయా వైపు కుటుంబం. శాస్త్రవేత్తలు సుందాలాండ్ అని పిలిచే ప్రాంతంలో భారతదేశానికి ఉన్న వాటా నికోబార్ దీవులే. పటంలో మనది, ప్రకృతిలో ఆగ్నేయాసియాది.

ఈ దీవుల్లో అన్నిటికన్నా పెద్దది, అన్నిటికన్నా దక్షిణాన ఉన్నది గ్రేట్ నికోబార్. విస్తీర్ణం సుమారు 910 చదరపు కిలోమీటర్లు. ఏటా మూడు వేల మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. 642 మీటర్ల ఎత్తున్న మౌంట్ థులియర్ నికోబార్ దీవులన్నిటిలోకీ ఎత్తైన శిఖరం. గలతియా, అలెగ్జాండ్రా, డాగ్మార్ లాంటి నదులు ఏడాది పొడుగునా పారతాయి. 1846లో ఇక్కడికి వచ్చిన డెన్మార్క్ పరిశోధన నౌక గలతియా పేరే ఆ నదికి, అది సముద్రంలో కలిసే అఖాతానికి నిలిచిపోయింది. అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే రాజేంద్ర చోళుడి నౌకాదళం ఇటుగా వెళ్లింది. మన రాజరాజ నరేంద్రుడికి పిల్లనిచ్చిన మామ ఆయనే. చోళ శాసనాల్లో నికోబార్ పేరు నక్కవారం.

దీవి దక్షిణ కొస ఇందిరా పాయింట్. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూకంపం వచ్చినప్పుడు ఇక్కడి నేల నాలుగు మీటర్లకు పైగా కుంగింది. అంతకుముందు ఒడ్డున ఉన్న లైట్‌హౌస్ ఆ తరవాత నీళ్లలో నిలబడింది. ఇండియన్ ప్లేటు పక్క ప్లేటు కిందికి దూరే చోట ఈ దీవుల వరస ఉంది. సముద్రం అడుగున ఉన్న పర్వతశ్రేణి తలలే ఈ దీవులు. వాటిని పైకెత్తిన కదలికే అప్పుడప్పుడు వాటిని కిందికి లాగుతుంది కూడా.

ఎవరు రాగలిగారు, ఎవరు రాలేకపోయారు

మంచుయుగాల్లో సముద్రమట్టం వంద మీటర్లకు పైగా పడిపోయినప్పుడు సుమత్రా, జావా, బోర్నియోలు మలయా ద్వీపకల్పంతో కలిసి ఒకే నేలగా ఉండేవి. ఏనుగులు, పులులు నడుచుకుంటూ అటూఇటూ తిరిగాయి. నికోబార్ చుట్టూ సముద్రం బాగా లోతు. అంత నీరు తగ్గినా దీవి దీవిగానే మిగిలింది. కాబట్టి అక్కడికి చేరిన ప్రతి జీవీ ఎగిరో, ఈదో, కొట్టుకొచ్చిన మానుల మీద తేలియాడుతూనో, చాలా తరవాత మనుషుల పడవల్లోనో వచ్చి ఉండాలి.

పులి, చిరుత, నక్క, ముంగిస రాలేకపోయాయి. నేల మీద వేటాడే పెద్ద జంతువు లేని అడవిలో వచ్చిన కొద్ది జాతులే వేల ఏళ్లపాటు తమ దారిన తాము మారుతూ వచ్చాయి. ఇంకెక్కడా లేని జాతులు పుట్టుకొచ్చింది అలాగే. ఇదే వాటి బలహీనత కూడా. శత్రువును చూడకుండా పెరిగిన పక్షికి కుక్కను చూస్తే పారిపోవాలని తెలియదు.

నికోబార్ మెగాపోడ్‌ను చూడండి. కోడి సైజున్న గోధుమరంగు పక్షి, బలమైన కాళ్లు. ఇది గుడ్లను పొదగదు. ఒడ్డుకు దగ్గర్లో ఇసుక, మట్టి, రాలిన ఆకులు, పుల్లలు కాళ్లతో ఎగదోసి పెద్ద దిబ్బ కడుతుంది. అందులో గుడ్డు పెట్టి కప్పేస్తుంది. ఆకులు కుళ్లేటప్పుడు పుట్టే వేడే పొదుగు. మన రైతుకు చెప్పాలంటే పెంటదిబ్బ లోపలి వేడి. రెండు నెలలు దాటాక పిల్ల దిబ్బను తవ్వుకుని బయటికి వచ్చి, తల్లీ తండ్రీ ఎవరో తెలియకుండానే తన బతుకు తాను బతుకుతుంది.

ఈ పక్షి ఇక్కడ ఉండటమే ఒక చిక్కు ప్రశ్న. మెగాపోడ్ కుటుంబంలో మిగతావన్నీ ఆస్ట్రేలియా, న్యూ గినీ, తూర్పు ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ వైపు ఉంటాయి. బోర్నియో దగ్గరి చిన్న దీవుల నుంచి నికోబార్ దాకా మధ్యలో రెండు వేల కిలోమీటర్లకు పైగా ఒక్కటీ కనిపించదు. ఒంటరిగా ఇక్కడ మిగిలింది. ఆ దిబ్బలకు ఒడ్డును ఆనుకున్న సన్నటి అడవి పట్టీ కావాలి. 2004 సునామీ మొదట తుడిచిపెట్టింది ఆ పట్టీనే. తరవాత జరిగిన సర్వేల్లో గుడ్లు పెట్టే దిబ్బలు దాదాపు 70 శాతం తగ్గినట్టు తేలింది. పోర్టుకు కావలసింది కూడా ఒడ్డే.

నికోబార్ ట్రీ ష్రూ చూడటానికి ఉడుతలా ఉంటుంది కానీ ఉడుత కాదు. దాని దూరపు చుట్టం ఒకటి మన తూర్పు కనుమల్లోనూ ఉంది. గ్రేట్ నికోబార్‌లో ఇది చెట్ల మీద తిరుగుతూ ఆకులు కదిలిస్తే పురుగులు ఎగురుతాయి. వాటి కోసం రాకెట్ తోక డ్రోంగో, అంటే మన పసులపోలిగాడి జాతి పిట్ట, వెంటే తిరుగుతుంది. ఈ జట్టులోకి ఒక డేగ జాతి పక్షి కూడా చేరడాన్ని మీరా ఊమెన్, కార్తీక్ శంకర్ గమనించి రాశారు. పాలిచ్చే జంతువు, రెండు రకాల పక్షులు కలిసి మేతకు వెళ్లడం అరుదు.

పొడవు తోక కోతుల్లో నికోబార్ ఉపజాతి మూడు దీవుల్లోనే ఉంది: గ్రేట్ నికోబార్, లిటిల్ నికోబార్, కచాల్. ఇక్కడి పాముల గద్ద ప్రపంచంలోని అతి చిన్న గద్దల్లో ఒకటి, నలభై సెంటీమీటర్ల పొడవు. నికోబార్ గుడ్లగూబ ఒకదానికి శాస్త్రీయ నామం పెట్టింది 1998లోనే. చెట్టంత ఎత్తు పెరిగే ఫెర్న్‌లు, మడ అడవులు, ఉప్పునీటి మొసళ్లు సరేసరి. కొబ్బరి పీత అని ఒకటుంది. నాలుగు కిలోల దాకా తూగుతుంది, చెట్టెక్కుతుంది, కొబ్బరికాయను చీల్చుకుని తింటుంది. డోడో పక్షికి బతికున్న దగ్గరి బంధువు నికోబార్ పావురం. అది ఈ దీవులకే పరిమితం కాకపోయినా పేరు మాత్రం ఇక్కడిదే.

గలతియా బే ఇసుక

ఆంధ్ర తీరంలో శీతాకాలం వస్తే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రావడం మనకు తెలుసు. గలతియా బేకు వచ్చేది లెదర్‌బ్యాక్. సముద్ర తాబేళ్లలో అతి పెద్దది. గట్టి డిప్ప ఉండదు, వీపంతా మందపాటి తోలు. మనిషి కన్నా పొడవుంటుంది, ఐదారు వందల కిలోలు తూగేవీ ఉంటాయి. జెల్లీ చేపలను వెతుక్కుంటూ వెయ్యి మీటర్ల లోతుకు దిగగలదు. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఇవి గుడ్లు పెట్టే ముఖ్యమైన తీరాల్లో గలతియా బే ఒకటి.

2011 నుంచి కొన్నేళ్లపాటు, లిటిల్ అండమాన్ తీరంలో గుడ్లు పెట్టిన ఆడ తాబేళ్లకు కార్తీక్ శంకర్ బృందం శాటిలైట్ ట్యాగులు అమర్చింది. కొన్ని పడమటి ఆస్ట్రేలియా వైపు వెళ్లాయి. కొన్ని హిందూ మహాసముద్రాన్ని దాటి ఆఫ్రికా వైపు ఈదాయి. వేల కిలోమీటర్ల ప్రయాణం. ఇంత తిరిగే జీవికి గుడ్లు పెట్టడానికి పనికొచ్చే ఇసుక మాత్రం అతి తక్కువ చోట్ల ఉంటుంది. ఒడ్డుకు నేరుగా వచ్చేలా లోతైన నీరు, మెత్తటి వెడల్పైన బీచ్, రాత్రిపూట చీకటి కావాలి.

గలతియా బేను 1997లో అభయారణ్యంగా ప్రకటించారు. 2021 జనవరిలో జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం ఆ హోదా తీసేయడానికి అంగీకరించింది. కొద్ది వారాలకే కేంద్రం సముద్ర తాబేళ్ల జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. కాపాడాల్సిన ముఖ్య తీరాల్లో గలతియా బే పేరు అందులో ఉంది. రెండూ ఒకే ప్రభుత్వానివి.

ప్రభుత్వం చెప్పేది

ప్రాజెక్టు వెనక ఉన్న వాదన తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. తూర్పు పడమరల మధ్య నడిచే ప్రధాన ఓడల దారికి గలతియా బే దాదాపు 40 నాటికల్ మైళ్ల దూరం. సముద్రం సహజంగానే లోతు. భారతదేశానికి వచ్చే, పోయే కంటైనర్లలో ఓడ మార్చాల్సినవి ఎక్కువగా కొలంబో, సింగపూర్, మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌లలో మారుతున్నాయి. ఆ ఆదాయం మనకు రావాలి, మలక్కా జలసంధి ముఖద్వారం దగ్గర మన ఉనికి ఉండాలి అన్నది ఢిల్లీ మాట. ఏడాదికి 1.42 కోట్ల కంటైనర్ల సామర్థ్యంతో పోర్టు, పౌర, సైనిక అవసరాలకు విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్ అన్నీ కలిపి 166 చదరపు కిలోమీటర్లలో రావాలి. మొదట చెప్పిన ఖర్చు 72 వేల కోట్ల రూపాయలు.

ఎన్ని చెట్లు పోతాయన్న ప్రశ్నకు 2023లో పార్లమెంటులో ఇచ్చిన జవాబు 9.64 లక్షలు. మళ్లించే అటవీ భూమిలో సగం దాకా చెట్లు కొట్టకుండా పచ్చగానే ఉంచుతామని, పని దశలవారీగా సాగుతుందని కూడా ప్రభుత్వం చెప్పింది. పర్యావరణ అనుమతిలో షరతులు చాలానే ఉన్నాయి. 16 వేలకు పైగా పగడపు కాలనీలను పెకలించి మరోచోట నాటాలి. 2022లో తాబేళ్ల కోసం లిటిల్ నికోబార్‌లో, మెగాపోడ్‌ల కోసం మెంచల్ దీవిలో కొత్త అభయారణ్యాలు ప్రకటించారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2023 ఏప్రిల్‌లో అనుమతుల్లో జోక్యానికి నిరాకరించి, కొన్ని అంశాల పరిశీలనకు ఉన్నతస్థాయి కమిటీని వేసింది.

కమిటీలు, షరతులు గమనిస్తే అన్నిటిలో ఒక మాట కనిపిస్తుంది: తరలింపు. పగడాలను, అభయారణ్యాన్ని, అడవిని తరలించడం. వీటిలో పగడాలను మాత్రమే నిజంగా చేత్తో ఎత్తి మోయగలం, అవి కూడా బతుకుతాయన్న హామీ లేదు. అభయారణ్యం బోర్డు మార్చినంత మాత్రాన తాబేలు దారి మార్చుకోదు.

హరియాణాకు ఎందుకొచ్చింది?

ఇక్కడ నిబంధన తెలుసుకోవాలి. అటవీ భూమిని వేరే పనికి మళ్లిస్తే బదులుగా అడవి పెంచాలి. తెలుగు రాష్ట్రాల్లో కంపా నిధుల పేరుతో వినిపించే డబ్బు దీనికి సంబంధించినదే. భూభాగంలో 75 శాతానికి మించి అడవి ఉన్న రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలకు కొత్తగా నాటడానికి ఖాళీ భూమి ఉండదు కాబట్టి, ఆ పని వేరే రాష్ట్రంలో చేయొచ్చు. అండమాన్ నికోబార్‌లో 80 శాతానికి పైగా అడవే. హరియాణాలో నాలుగు శాతం కూడా లేదు. పరిపాలనా దృష్టితో చూస్తే జోడీ బాగా కుదిరింది. క్షీణించిన అటవీ భూమిలో చేస్తే రెట్టింపు విస్తీర్ణం చూపించాలి. అలా గురుగ్రామ్, నూహ్, రేవాడీ, మహేంద్రగఢ్, చర్ఖీ దాద్రీ జిల్లాల్లో 24 వేల హెక్టార్లకు పైగా భూమి లెక్కలోకి వచ్చింది.

ఆరావళికి రక్షణ దొరికితే నాలాంటి ఢిల్లీవాసికి సంతోషమే. గనుల తవ్వకం, ఫామ్‌హౌస్‌లు తిన్నది పోగా మిగిలిన ఈ గుట్టలే థార్ ఎడారి దుమ్ముకు కొంత అడ్డు, ఎన్‌సీఆర్ భూగర్భ జలాలకు ఆధారం. కానీ ఆరావళిని ఎలాగూ కాపాడుకోవాలి. నికోబార్‌లో అడవి నరికినా నరకకపోయినా ఆ బాధ్యత ఉంది. దాన్ని ఇంకో చోటి నష్టానికి చెల్లుగా రాసుకోవడమే ఇబ్బంది.

పైగా ఆరావళి అడవి అంటే వానల అడవి కాదు. దాని స్వభావం వేరు: ధౌ, మోదుగ, ముళ్ల పొదలు, మధ్యలో గడ్డి మైదానం. నీరు తక్కువ, చెట్లు పొట్టి, పెరుగుదల నెమ్మది. ఇక్కడ దట్టంగా మొక్కలు నాటి అడవి అని పేరు పెడితే అటు నికోబార్ రాదు, ఇటు ఆరావళీ మిగలదు. విలాయతీ కీకర్ అలాంటి ఉత్సాహంతో వచ్చినదే. బ్రిటిష్ కాలంలో ఢిల్లీ గుట్టలను పచ్చగా చేయాలని తెచ్చి నాటారు. అది స్థానిక మొక్కలను తొక్కేసింది.

మునిర్కాకు దగ్గర్లో, వసంత్ విహార్ పక్కన ఆరావళి బయోడైవర్సిటీ పార్కు ఉంది. ఒకప్పుడు గనులు తవ్వి వదిలేసిన గుంతల నేల. ఢిల్లీ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త సి.ఆర్. బాబు ఆధ్వర్యంలో అక్కడ కీకర్‌ను క్రమంగా తగ్గిస్తూ ఆరావళి సొంత జాతులను తిరిగి పెంచారు. మంచి పని, దేశంలో చెప్పుకోదగ్గ పునరుద్ధరణల్లో ఒకటి. ఇరవై ఏళ్లు పట్టింది. అది కూడా ఆరావళిని మళ్లీ ఆరావళిగా చేయడానికి. విత్తనాలు తేవడానికి పక్క కొండలు ఉన్నాయి కాబట్టి సాధ్యమైంది. గ్రేట్ నికోబార్ చెట్లకు పక్క కొండలు లేవు. కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవప్పుడు హైదరాబాద్‌లో విన్న వాదనే ఇది: పోయిన చెట్లను వేరేచోట నాటొచ్చు, పోయిన చోటును నాటలేం.

అక్కడి మనుషులు

ఆ అడవి ఖాళీ కూడా కాదు. నదుల వెంట, లోపలి అడవుల్లో షోంపెన్‌లు ఉంటారు. 2011 లెక్కల్లో 229 మంది. వేట, సేకరణ వాళ్ల బతుకు. ప్రధాన ఆహారం మొగలి జాతి చెట్టు పెద్ద పండు. గ్రేట్ నికోబారీలు దక్షిణ, పడమటి తీరాల్లో ఉండేవాళ్లు. సునామీలో ఎంతోమంది చనిపోగా మిగిలినవాళ్లను కాంప్‌బెల్ బే దగ్గరి కాలనీలకు చేర్చారు. పాత ఊళ్లకు తిరిగి వెళ్తామని అప్పటినుంచీ అడుగుతున్నారు. లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి 2022 ఆగస్టులో ప్రాజెక్టుకు ఇచ్చిన అంగీకారాన్ని, తమ పూర్వీకుల భూములు కూడా అందులో ఉన్నాయని తెలిశాక అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకుంది.

మూడో వర్గం తూర్పు తీరంలో స్థిరపడినవాళ్లు. 1969 నుంచి 1980 మధ్య కేంద్రం మాజీ సైనికుల కుటుంబాలను ఇక్కడికి తెచ్చి భూములిచ్చింది. పంజాబ్, మహారాష్ట్ర, తమిళనాడు, కేరళలతో పాటు ఆంధ్రప్రదేశ్ నుంచీ వచ్చారు. అడవి కొట్టి కొబ్బరి, పోక తోటలు వేసుకున్నారు. ఓడ రాకపోతే కూరగాయలకు కూడా ఇబ్బందిపడే చోట వాళ్లకు ఆసుపత్రి, రోడ్డు, ఉద్యోగం కావాలి. అది న్యాయమైన కోరికే. వాళ్ల అవసరానికి మూడున్నర లక్షల మంది నివసించే నగరం జవాబా అన్నది వేరే ప్రశ్న. ఇప్పుడు దీవి మొత్తం జనాభా ఎనిమిది వేలు.

గలతియా బేను 2024లో మేజర్ పోర్టుగా నోటిఫై చేశారు. అడ్డుకట్టలు లేచాక అఖాతం మూతి సన్నబడుతుంది, ఓడల దీపాలు రాత్రంతా వెలుగుతాయి. ఆడ లెదర్‌బ్యాక్ తాను పుట్టిన ప్రాంతపు తీరాలకే గుడ్లు పెట్టడానికి వస్తుందని, ఆ వయసు రావడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టొచ్చని అంచనా. సునామీలో కొట్టుకుపోయిన బీచ్ తరవాతి సంవత్సరాల్లో మళ్లీ కూడింది. ఆ కొత్త ఇసుకలో పొదిగి, అప్పటికింకా అభయారణ్యంగా ఉన్న ఒడ్డు నుంచి సముద్రంలోకి దిగిన పిల్లల్లో బతికి బట్టకట్టిన ఆడవి గుడ్లు పెట్టే వయసుకు ఇప్పుడిప్పుడే వస్తుంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాటి కాలం.